పిచ్చుకగూళ్లూ కొండచరియలూ

"కొండల మీద చెట్లు నాటేస్తే చరియలు విరిగిపడటం ఆగిపోతుంది కదా, మరి ఆ పని ఎందుకు చెయ్యరు?" అని ఒక పాఠకుడు అడిగాడు. ప్రశ్న చెట్టు గురించి. జవాబు మాత్రం ఇసుక దగ్గర మొదలుపెట్టాలి.

పర్వత ప్రాంతాల సుస్థిరాభివృద్ధి అనగానే 1992 రియో పర్యావరణ సదస్సు, అక్కడ ఒప్పుకున్న అజెండా 21 అనే కార్యప్రణాళికలో పదమూడో అధ్యాయం, 2002 అంతర్జాతీయ పర్వత సంవత్సరం, ఏటా డిసెంబరు 11న పర్వత దినోత్సవం అంటూ ఒక వరస ఉంటుంది. అది చదివితే నాకు నిద్ర ముంచుకొస్తుంది. దాన్ని దాటేసి పిచ్చుకగూళ్ల సంగతి చూద్దాం.

పొడి ఇసుకతో పిచ్చుకగూడు కట్టలేం. ఎంత పోసినా కుప్పగా జారుతుంది, దాని వాలు సుమారు 34 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. ఇంకో గుప్పెడు పోస్తే అదీ జారి మళ్లీ అదే వాలు తయారవుతుంది. ఇంజనీర్లు దీన్ని యాంగిల్ ఆఫ్ రిపోజ్ అంటారు. అదే ఇసుకను కాస్త తడిపి, పాదం మీద దట్టించి, పాదాన్ని మెల్లగా లాగేస్తే గూడు కప్పుతో సహా నిలబడుతుంది. గోడను నిలువుగా కోసినా పడదు. అల ఒక్కటి తాకిందో, అంతా కరిగి పారిపోతుంది. ఇసుక అదే. మారింది నీళ్ల పాలు ఒక్కటే.

కొద్దిపాటి తడిలో నీరు రేణువుల మధ్య బుల్లి బుల్లి వంతెనల్లా నిలుస్తుంది. తలతన్యత వల్ల అవి రేణువుల్ని దగ్గరికి లాగి పట్టుకుంటాయి. సందులన్నీ నీటితో నిండితే, లోపల గాలికీ నీటికీ మధ్య ఉపరితలమే మిగలదు, లాగే బలమూ ఉండదు. పైగా ఆ నీరే ఇప్పుడు రేణువుల్ని ఎడంగా నెడుతుంది.

బళ్లో ఏటవాలు బల్ల మీద చెక్కదిమ్మ పెట్టి ఘర్షణ పాఠం చెబుతారు. ఆ బల్ల ఎప్పుడూ పొడిగానే ఉంటుంది! అందుకే అది సగం పాఠం అంటాను. రాపిడి ఎంతన్నది రెండు తలాల్ని అదిమి పట్టే బలం మీద ఆధారపడుతుంది. సందుల్లో నీటి పీడనం పెరిగితే ఆ అదుము అంత మేరా తగ్గుతుంది. ఇంజనీరు కార్ల్ టెర్జాగీ 1920లలో తేల్చిన ఈ సంగతి మీదే ఇవాళ్టి మట్టి ఇంజనీరింగ్ అంతా నిలబడి ఉంది. ఇక లెక్క చూడండి. నీటితో నిండిన మట్టి సాంద్రత నీటికి సుమారు రెట్టింపు. వాలు నిండా నీరు చేరి, వాలు వెంబడే పారుతుంటే, అదుములో దాదాపు సగాన్ని నీటి పీడనమే తీసేస్తుంది, పట్టూ సగానికి పడిపోతుంది. పట్టు ఎంతుంటే వాలు కోణపు టాంజెంటు అంత దాకా నిలుస్తుంది. 34 డిగ్రీల టాంజెంటు 0.67, దాన్లో సగం సుమారు 0.34. అంత టాంజెంటున్న కోణం 19 డిగ్రీలు. ఎండాకాలమంతా 34 డిగ్రీల వాలున నిలిచిన ఇసుక నేల, వాన నిండా పట్టిన రోజున 19 డిగ్రీలకు మించి నిలవలేదన్నమాట. బంకమట్టి జిగురునూ, వేళ్ల పట్టునూ ఈ లెక్కలో కలపలేదు.

వేళ్ల మాట వచ్చింది కాబట్టి పాఠకుడి ప్రశ్నకు వద్దాం. వేళ్లు పైమట్టిని కుట్టినట్టు పట్టి ఉంచుతాయి, చెట్టు నేలలోని నీటిని తోడేస్తుంది కూడా. కానీ ఎక్కువ వేళ్లు పై ఒకటి రెండు మీటర్లలోనే ఉంటాయి. అంతకంటే బాగా లోతున జారే చరియ చెట్లతో సహా దిగివస్తుంది. ఇందులో ఒక మాయ ఉంది. చెట్టును నరికాక వేళ్లు చచ్చిపోయినా, అవి కుళ్లి పట్టు వదలడానికి కొన్నేళ్లు పడుతుంది. నరికినవాడు వెళ్లిపోయాక ఎప్పుడో కొండ జారుతుంది, నింద వాన మీద పడుతుంది. స్విట్జర్లాండులోని అండర్‌మాట్ వాళ్లు తమ ఊరి పైనున్న అడవిని నరకకూడదని 1397లోనే కట్టడి రాసుకున్నారు. వాళ్ల భయం మంచుచరియల గురించి.

ఇప్పుడు గూడు అడుగున వేలితో గోకినట్టు కొండ అడుగును కోసి రోడ్డు వేద్దాం. వెడల్పంతా కొండను నిలువుగా తొలిచే రాబట్టామనుకుంటే, కోత అడ్డంగా చూస్తే త్రిభుజం. దాని వైశాల్యం వెడల్పు వర్గంతో పెరుగుతుంది. వాలు 45 డిగ్రీలైతే 5.5 మీటర్ల రోడ్డుకు ప్రతి మీటరు పొడవునా 15 ఘనమీటర్లు తవ్వాలి, 10 మీటర్ల రోడ్డుకు 50. రోడ్డు రెండింతలు కాకముందే తవ్వకం మూడింతలు దాటింది. ఆ మట్టిని ఎక్కడ పోస్తారు? పక్కనే లోయలోకి దొర్లిస్తారు. అక్కడది సరిగ్గా యాంగిల్ ఆఫ్ రిపోజ్‌లో, జారడానికి సిద్ధంగా కూర్చుంటుంది.

2013 జూన్ 16న ఉత్తరాఖండ్‌లో జలవిద్యుత్ ప్రాజెక్టు కోసం ధారీదేవి విగ్రహాన్ని కదిలించారు. మర్నాడు కేదార్‌నాథ్ పైనున్న చోరాబారి సరస్సు గట్టు తెగింది. దేవికి కోపం వచ్చిందన్నారు. వాన అంతకుముందు నుంచే కురుస్తోందన్న సంగతి అలా ఉంచండి. నాకు అభ్యంతరం వేరే చోట ఉంది. కోపం దేవిదైతే, నదుల ఒడ్డున ప్రాజెక్టుల మట్టి గుట్టలు పోసినవాళ్లు తప్పించుకున్నట్టే కదా! సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన నిపుణుల సంఘం ఆ గుట్టలే దిగువన నష్టాన్ని పెంచాయని చెప్పింది.

అదే రాష్ట్రంలోని జోషీమఠ్ ఊరు కట్టిందే పాత చరియ శిథిలాల మీద. అక్కడి బండరాళ్లను కదపొద్దనీ, భారీ కట్టడాలు వద్దనీ, నీరు పోయే దారి చూడాలనీ మిశ్రా కమిటీ 1976లో చెప్పింది. 2023 జనవరికి 800కు పైగా ఇళ్లూ భవనాలూ పగుళ్లిచ్చాయి. వాడిన నీరు కాలువ లేక గుంతల్లో ఇంకుతున్న కొండ ఊరికి వాన ఏడాదంతా కురుస్తున్నట్టే లెక్క.

అన్నిటికంటే దారుణమైన ఉదాహరణ ఇటలీలోని వాయోంట్. 262 మీటర్ల ఆనకట్ట వెనక జలాశయం నింపుతుంటే, పక్క కొండ అడుగు నీటిలో నానింది. 1963 అక్టోబరు 9 రాత్రి సుమారు 27 కోట్ల ఘనమీటర్ల కొండ జలాశయంలోకి జారింది. ఎగసిన నీరు ఆనకట్ట మీంచి దూకి సుమారు 2000 మందిని బలిగొంది. ఆనకట్ట ఇప్పటికీ నిలిచే ఉంది. దాని లెక్కలన్నీ సరిపోయాయి, పక్క కొండ లెక్కే తప్పింది.

ఈ నీళ్ల గుట్టు దక్షిణ అమెరికాలోని ఇంకా (Inca) సామ్రాజ్యపు నిర్మాణకారులకు తెలుసు. పెరూలోని మాచు పిచ్చు మెట్ల పొలాల్ని పైనుంచి చూస్తే పచ్చిక, రాతిగోడ మాత్రమే కనిపిస్తాయి. తవ్వి చూస్తే పైన సారవంతమైన మట్టి, దాని కింద ఇసుకా కంకరా, అడుగున పెద్ద రాళ్లు. వాన ఆగకుండా దిగిపోయే దారి అది. గోడ వెనక నీరు నిలవదు కాబట్టే గోడ నిలిచింది. మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ గోడకు కింది వరసలో వదిలే రంధ్రాలు చేసేదీ ఇదే పని. గోడ బలహీనపడుతుందని వాటిని సిమెంటుతో పూడ్చేవాళ్లను చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

హాంకాంగ్‌లో 1972 జూన్ 18న ఒక్కరోజే రెండు చరియలు కూలి 138 మంది చనిపోయారు, 1976లో మళ్లీ కూలాయి. 1977లో దీనికోసమే ఒక ప్రభుత్వ కార్యాలయం పెట్టారు. ఇప్పుడక్కడ మనుషులు కోసిన, కట్టిన వాలులు సుమారు 60,000 చిట్టాకెక్కాయి. ప్రతిదానికీ ఒక నంబరుంది, బాగోగులు చూడాల్సినవాళ్లు ఎవరో రాసి ఉంది. వానాకాలానికి ముందు వాళ్లు చెయ్యాల్సిన ముఖ్యమైన పని, వాలు మీది కాలువల్లో పేరుకున్న ఆకులు ఎత్తిపారెయ్యడం.