శిస్తు కాగితాల్లో మన పొలం

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మన పొలం ఎన్నాళ్ల నుంచి మనదని అడిగారు. కాగితాల్లో వెతకబోయే ముందు ఒక సంగతి గుర్తుంచుకోండి. అవి ఏ కుటుంబం చరిత్ర కోసమూ రాసినవి కావు, శిస్తు వసూలు కోసం రాసినవి. శిస్తు ఎవరు కట్టాలో వారి పేరే ఎక్కింది. దున్నిన పాలేరు, కౌలుదారు, పసుపు కుంకుమల కింద పొలం తెచ్చుకున్న ఆడపడుచు తరచు కనిపించరు. పేరు లేనంత మాత్రాన వాళ్లు లేరనుకోకండి.

మన గోదావరి సీమ 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతో కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) చేతికి పోయింది. 1802-03లో శాశ్వత పైసలా చేసి, జమీందార్లు సర్కారుకు ఏటా కట్టాల్సిన పేష్కషును మారకుండా ఖాయం చేశారు. ప్రభుత్వం కిందున్న హవేలీ గ్రామాలను ముఠాలుగా, అంటే కొన్నేసి ఊళ్ల గుంపులుగా చేసి వేలం వేశారు. అందుకే ఆ కాలపు సర్కారు లెక్కల్లో జమీందారూ, గ్రామమూ ఉంటాయి గాని రైతు పేరు దొరకడం అరుదు. ఊళ్లో లెక్క వేరు. పైరు చేలోనే అంచనా కట్టి వాటా తేల్చితే అది ఆసరా. ఊరి మొత్తానికి ఒక శిస్తు వేసి, రైతులు తమలో తాము వాటాలు వేసుకుంటే వీసబడి. వీసమంటే పదహారో వంతు.

బకాయిలు పడి చాలా జమీలు వేలానికొచ్చాయి. నందన నామ సంవత్సరం (1832-33) కరువు మిగిలినవారి నడుము విరిచింది. 1847లో మొదలై 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పొలం విలువే మారిపోయింది. కాలువ నీరందిన మెట్ట మాగాణి అయింది. 1859లో గోదావరి జిల్లా ఏర్పడింది. ఆ తర్వాత సర్వే, సెటిల్‌మెంటు (శిస్తు నిర్ణయం) జరిగి చేను చేనుకూ నంబరు పడింది. రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైత్వారీ గ్రామాల్లో వెతుకులాట ఇక్కడి వరకూ సాగుతుంది. జమీ గ్రామాల్లో మాత్రం 1948 జమీందారీ రద్దు చట్టం దాకా అసలు లెక్కలు జమీ కచేరీలోనే ఉండేవి.

వెతకడం నేటి నుంచి వెనక్కి సాగాలి. ముందు అడంగల్‌ (ఏ చేను ఎవరి సాగులో ఉందో చెప్పే ఊరి లెక్క), 1బి (ఎవరి పేర ఎంత భూమి ఉందో చెప్పే హక్కుల పత్రం) చూడండి. తర్వాత రిజిస్ట్రారు కచేరీలో ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీల జాబితా) తీసి, అందులో కనిపించిన ఒక్కొక్క దస్తావేజు నకలు తెప్పించండి. చివరికి రెవెన్యూ కచేరీలో ఆర్‌.ఎస్‌.ఆర్‌., అంటే నంబరు వారీగా భూమి వివరాలున్న పాత సెటిల్‌మెంటు రిజిస్టరు అడగండి. పాత సర్వే 45 నంబరు చీలి 45/1, 45/2ఎ అయి ఉంటుంది. రీసర్వే జరిగిన ఊళ్లో నంబర్లే మారిపోతాయి కనుక పాత, కొత్త నంబర్ల పట్టిక లేకుండా కదలకండి. ఎక్కువమంది దారి తప్పేది ఇక్కడే. శిస్తు లెక్కల్లో వాడే ఫసలీ సంవత్సరాన్ని ఇంగ్లీషు సంవత్సరంగా మార్చాలంటే 590 కలపండి: ఫసలీ 1270 అంటే 1860 జులై నుంచి 1861 జూన్‌ వరకు.

తాత పేరు మనవడికి పెట్టే అలవాటు మనది. అందుకని పేరొక్కటే నమ్మక, తండ్రి పేరూ నాలుగు హద్దులూ కలిపి చూడండి. హద్దు రైతుల పేర్లు తరం తరం ఒకటే వరసలో వస్తుంటే మీరు సరైన చేలోనే ఉన్నట్టు. బోదె (చిన్న పంట కాలువ) హద్దుగా రాసినచోట మాత్రం జాగ్రత్త, బోదె జరుగుతుంది. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకుంటే పట్టా పెద్దన్న పేరునే ఉండిపోతుంది. ఎన్ని తగాదాలకో మూలం ఇదే.

విస్తీర్ణం మీరే సరిచూసుకోవచ్చు. పాత పటాల్లో కొలత లింకుల్లో ఉంటుంది. 66 అడుగుల గొలుసుకు 100 లింకులు. పొడవును వెడల్పుతో గుణించి వెయ్యితో భాగిస్తే సెంట్లు వస్తాయి: 320 లింకులు, 250 లింకుల చేను 80 సెంట్లు. మూడు మూలల చెక్క అయితే, భుజాన్ని దాని ఎత్తుతో గుణించి అందులో సగం తీసుకోండి.

ఇనాం (శిస్తు లేకుండానో, తగ్గించో దానంగా ఇచ్చిన) భూమి అయితే 1858 తర్వాతి ఇనాం కమిషను రిజిస్టరు అడగండి. ఎవరికి, ఎందుకు ఇచ్చారో అందులో ఉంటుంది, టి.డి. (టైటిల్‌ డీడ్‌, అంటే హక్కు పత్రం) నంబరూ ఉంటుంది. దేవుడి మాన్యాన్ని సొంత ఇనాం అనుకుని కొని నష్టపోయినవాళ్లున్నారు.

గోదావరి మధ్యనుండే లంకల సంగతి వేరు. వరదకు ఒకవైపు కోత, మరోవైపు మేట. పాత పటంలోని చోటు ఇప్పుడు ఏటిలో ఉండొచ్చు. కాబట్టి లంక భూమికి పటంతో పాటు ఆ సంవత్సరపు లీజు కాగితం కూడా చూడాలి.

ఇట్లు,
మీ తాతయ్య