గుండె కండరానికి రక్తం ఎంత అందుతోంది? ఆ లెక్క ఎక్కడ తప్పుతుంది?

చిరంజీవులకు ఆశీస్సులు.

గుండె పెట్ స్కాన్ రిపోర్టులో 2.4 అన్న అంకె కనిపించిందనుకోండి. ఒక్కో గ్రాము గుండె కండరానికి నిమిషానికి 2.4 మిల్లీలీటర్ల రక్తం అందుతోందని దానర్థం. ఇలాంటి అంకెలను చూసే డాక్టర్లు రోగికి తర్వాత ఏం చెయ్యాలో ఆలోచిస్తారు. అందుకని అవి ఎక్కడ చెడతాయో మీకు తెలియాలి.

వరిమడిని తలచుకోండి. కాలువలో ఎంత నీరొచ్చింది, మడి ఎంత పీల్చింది, రెండూ తెలిస్తేనే లెక్క తేలుతుంది. ఇక్కడ కాలువ గుండె ఎడమ గదిలోని రక్తం, మడి గుండె కండరం. రక్తంలో కలిపి పంపే గుర్తు రుబీడియం-82 అనే రేడియోధార్మిక పదార్థం. దాని అర్ధాయువు, అంటే సగం తరిగిపోయే సమయం, సుమారు 76 సెకన్లు; పది నిమిషాలకు అరశాతం కూడా మిగలదు. కాబట్టి విశ్రాంతిలో ఒకసారి, రక్తనాళాలను విప్పే మందిచ్చి మరోసారి, మనిషిని బల్ల మీంచి దించకుండానే కొలవొచ్చు.

కొన్ని పొరపాట్లు కాలువ దగ్గరే జరుగుతాయి. రుబీడియం గుండెలోకి వచ్చే మొదటి నిమిషంలో స్కానర్ మీద లెక్కలేనన్ని కిరణాలు పడతాయి. డోసు మరీ ఎక్కువైతే డిటెక్టర్లు అన్నిటినీ లెక్కపెట్టలేవు, రక్తం గ్రాఫు (రక్తంలో రుబీడియం క్షణక్షణానికి ఎంతుందో చూపేది) శిఖరం కోసేసినట్టు చదునవుతుంది. వచ్చిన నీరు తక్కువని చూపి, మడి పీల్చింది అంతే ఉంటే, ప్రవాహం ఉన్నదానికన్నా ఎక్కువగా తేలుతుంది! జబ్బున్న గుండె బాగున్నట్టు కనబడుతుంది. అందుకే ఆ స్కానర్ తట్టుకునే హద్దు లోపలే, మనిషి బరువును బట్టి డోసు నిర్ణయించాలి. ఐవీ సూది బాగా పారే నరంలో ఉండాలి. రుబీడియం చేతిలోనే నిలిచిపోతే శిఖరం పొట్టిదై, సాగిపోయి, రెండు మూపురాలతో వస్తుంది.

ఇక కదలిక. నాళాలను విప్పే మందిచ్చాక మనిషి బరువుగా ఊపిరి తీస్తాడు, ఊపిరితిత్తులు నిండి గుండె కిందికి దిగుతుంది, తర్వాత మెల్లగా పైకి పాకుతుంది. గుండె గోడ చుట్టూ కంప్యూటరు గీసిన గీత మాత్రం అక్కడే ఉండిపోతుంది. దెబ్బ ఎక్కువగా కుడి కరోనరీ ధమని ప్రాంతంలో, అంటే గుండె కింది గోడలో కనబడుతుంది. విరుగుడు ఒకటే: ఐదు పది సెకన్ల ఫ్రేములను, అంటే వరుసగా తీసిన బొమ్మలను, ఒక్కొక్కటిగా తెరిచి, గుండె జరిగినంత మేర సర్దాలి. సీటీ బొమ్మతో కూడా పోల్చాలి. గుండె పక్కగోడ సీటీలో ఊపిరితిత్తి మీద పడితే, అక్కడ లేని లోపం పుడుతుంది.

కాఫీ, టీ, కోలా, చాక్లెట్ కనీసం 12 గంటల ముందే మానాలి. నాళాలను విప్పే మందు అడినోసిన్ పని చెయ్యాల్సిన చోట్లను వాటిలోని కెఫీన్ ఆక్రమిస్తుంది. నాళాలు విప్పుకోవు, మూడు ధమనులూ మూసుకున్నట్టు కనబడుతుంది. అలాంటప్పుడు ప్లీహం వైపు చూడండి. అడినోసిన్ పనిచేస్తే ప్లీహం మసకబారాలి, విశ్రాంతిలో లాగే మెరుస్తుంటే అనుమానించాలి.

విశ్రాంతి అంకెనూ గుడ్డిగా నమ్మకండి. మందుతో వచ్చిన 2.4ని విశ్రాంతిలోని 0.8తో భాగిస్తే 3, అంటే మందుతో రక్తం మూడింతలైందని. భయంతో నాడి, బీపీ పెరిగి విశ్రాంతి అంకె 1.2 అయితే అదే గుండెకు 2 వస్తుంది. అందుకే నాడిని పై బీపీతో గుణించి రాసుకుని, దానికి తగ్గట్టు విశ్రాంతి అంకెను సవరిస్తారు.

రక్తం గ్రాఫును చూడందే మనిషిని బల్ల దించకండి. విశ్రాంతి గ్రాఫు చెడితే పది నిమిషాలాగి మళ్లీ ఇవ్వొచ్చు.

ఇట్లు,
మీ తాతయ్య