సూట్‌కేసులో వచ్చిన నిద్ర మాత్ర

నెల్లూరు, ఒంగోలు వైపు ఆటిజం ఉన్న పిల్లల ఇళ్లలోకి మెలటోనిన్ అనే నిద్ర హార్మోను మాత్ర రెండు దారుల్లో వస్తోంది. ఒకటి డాక్టరు చీటీ. నెల్లూరు పొగతోటలో పిల్లల డాక్టరో, చెన్నై తీసుకెళ్లి చూపిస్తే అక్కడి న్యూరాలజిస్టో రాసిచ్చినది. రెండోది అమెరికాలో ఉన్న బాబాయి కొడుకో, మేనకోడలో సంక్రాంతికి వస్తూ సూట్‌కేసులో పెట్టుకొచ్చిన డబ్బా. లోపల పండ్ల రుచితో జెల్లీ బిళ్లలు ఉంటాయి. "అక్కడ విటమిన్ల పక్కనే పెట్టి అమ్ముతారు, ఏం కాదులే" అనే భరోసా కూడా ఆ డబ్బాతోనే వస్తుంది. ఆ భరోసా ఎక్కడ పుట్టిందో చూడాలంటే వందేళ్లు వెనక్కి వెళ్లాలి. పిల్లలు ఈ కథలోకి చాలా ఆలస్యంగా వస్తారు.

ముందు వచ్చినవి కప్పలు. 1917లో మెక్‌కార్డ్, అలెన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఆవుల మెదడులోని పీనియల్ గ్రంథి సారాన్ని ఇంకా తోక ఊడని కప్పపిల్లలకు పెట్టి చూశారు. వాటి చర్మం తెల్లబడింది. నలభై ఏళ్ల తర్వాత యేల్ యూనివర్సిటీలో ఆరన్ లెర్నర్ అనే చర్మవ్యాధుల డాక్టరు ఆ పాత సంగతిని పట్టుకున్నారు. చర్మం రంగు మార్చే పదార్థం దొరికితే బొల్లి లాంటి జబ్బులకు మందు చేయవచ్చని ఆయన ఆశ. కబేళాల నుంచి వేలకొద్దీ గ్రంథులు తెప్పించి, 1958లో ఆ పదార్థాన్ని విడదీసి మెలటోనిన్ అని పేరు పెట్టారు. మనుషులకు ఇచ్చి చూస్తే రంగేమీ మారలేదు గానీ మగత వచ్చింది. నిద్రతో దీనికి సంబంధం ఉందని అలా ఒక చర్మం డాక్టరు దగ్గర తేలింది.

అది ఒంట్లో ఏం చేస్తుందో తేలడానికి ఇంకా సమయం పట్టింది. 1980లో ఆల్‌ఫ్రెడ్ లూయీ బృందం రాత్రిపూట మనుషుల మీద బాగా వెలుతురు పడితే మెలటోనిన్ ఊరడం తగ్గిపోతుందని చూపించింది. చీకటి పడ్డాక ఊరుతుంది, వెలుతురు పడితే ఆగుతుంది. అంటే మనిషిని పడేసే మందు కాదిది. ఒంటికి రాత్రయిందని చెప్పే కబురు. మామూలు మాత్రగా మింగితే గంటలోపే రక్తంలో సగానికి తగ్గిపోతుంది. నిద్ర పట్టించడంలో సాయపడినంతగా, తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చునే పిల్లవాడికి సాయపడకపోవడానికి కారణం అదే. "మాత్ర వేశాం, పడుకున్నాడు, మళ్లీ లేచాడు" అని తల్లులు చెప్పేది మందు నకిలీదై కాదు. దాని స్వభావమే అంత.

1994లో మూడు సంగతులు జరిగాయి. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో రిచర్డ్ వర్ట్‌మన్ బృందం 0.1 నుంచి 0.3 మిల్లీగ్రాముల మెలటోనిన్‌తోనే నిద్ర త్వరగా పడుతుందని చూపించింది. ఈ రోజు మన మెడికల్ షాపులో దొరికే మూడు మిల్లీగ్రాముల మాత్రలో పదో వంతు, లేదా అంతకంటే తక్కువ అది. చిన్న మోతాదులకు ఎంఐటీ పేటెంటు తీసుకుంది. దాన్ని తప్పించుకోవడానికే కంపెనీలు పెద్ద మోతాదులు అమ్మాయని ఒక వాదన ఉంది. కంపెనీలకు ఏ కారణం ఉన్నా, డబ్బా మీద అంకె ఎంత పెద్దదైతే అంత బాగా పనిచేస్తుందనుకునే మన అలవాటు కూడా వాటికి బాగానే పనికొచ్చింది.

రెండోది చట్టం. ఆ ఏడాదే అమెరికా ఆహార సప్లిమెంట్లకు ఒక చట్టం చేసింది. దాని నీడలో మెలటోనిన్ అక్కడ మందుగా కాక సప్లిమెంటుగా నిలిచింది. అమ్మకానికి ముందు అది పనిచేస్తుందనీ, ప్రమాదం లేదనీ ప్రభుత్వానికి రుజువు చూపి అనుమతి తీసుకోనక్కర్లేదు. మరుసటి ఏడాది అమెరికా అంతా మెలటోనిన్ పిచ్చి పట్టింది. ముసలితనం ఆగుతుందని కూడా నమ్మి కొన్నారు. అదే పదార్థం బ్రిటన్‌లో డాక్టరు చీటీ లేకుండా ఇవ్వరు. కాబట్టి "విటమిన్ల పక్కనే పెడతారు" అన్న మాటలో అబద్ధం లేదు. అలా పెట్టడానికి కారణం మాత్రం ఒక దేశపు చట్టం. పిల్లల మీద పరీక్షించి తేల్చిన సంగతేమీ కాదు.

మూడోదే మనకు కావలసింది. కెనడాలోని వాంకూవర్‌లో జేమ్స్ జాన్ అనే పిల్లల డాక్టరు, చూపులేని పిల్లలకు, నరాల సమస్యలున్న పిల్లలకు మెలటోనిన్ ఇచ్చిన అనుభవాన్ని ప్రచురించారు. వెలుతురే తెలియని పిల్లవాడికి రాత్రి పగలు తేడా ఒంటికి అందదు, మాత్రతో ఆ కబురు అందిద్దాం అన్నది ఆలోచన. ఆటిజం వైపు దారి తెరిచింది ఇదే.

ఆటిజం పరిశోధనలో అప్పటికే ఒక పాత కొస ఉంది. 1943లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు ఆటిజాన్ని వర్ణించిన తర్వాత, 1961లో షేన్, ఫ్రీడ్‌మన్ అనే ఇద్దరు కొందరు ఆటిజం పిల్లల రక్తంలో సెరటోనిన్ అనే రసాయనం ఎక్కువగా ఉందని గమనించారు. శరీరం మెలటోనిన్‌ను తయారు చేసేది ఆ సెరటోనిన్ నుంచే. అక్కడ తేడా ఉంటే ఇక్కడా ఉంటుందా అని వెతికారు. 2005లో ఫ్రాన్స్‌లో సిల్వీ టోర్జ్‌మన్ బృందం ఆటిజం ఉన్నవాళ్లలో రాత్రి మెలటోనిన్ తయారీ తక్కువగా ఉందని చెప్పింది. అందరిలోనూ అలా ఉండదు. కానీ ఆటిజం ఉన్న పిల్లల్లో సగం నుంచి ఎనభై శాతం వరకు నిద్ర సమస్యలు ఉంటాయని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి.

ఇక్కడ మన సంగతి వేరు. అమెరికా మెలటోనిన్ కొంటున్న 1995లో మన దేశం వికలాంగుల చట్టం చేసింది. అందులో ఆటిజం పేరే లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టంలో వచ్చింది, 2016 చట్టంలో 21 వైకల్యాల్లో ఒకటిగా చేరింది. అంతకుముందు అలాంటి పిల్లవాడు "మొండోడు", "మాటలు లేటు", లేదా తల్లి సరిగా పెంచలేదు. నిద్రపోకపోతే దిష్టి తీయడం, తాయెత్తు. డాక్టరు దగ్గరికి వెళితే ట్రైక్లోఫాస్ సిరప్పో, ఎలర్జీకి వాడే ప్రోమెథజీన్ సిరప్పో రాసేవారు. ఇవి నిజంగానే మగత పెట్టే మందులు. రెండేళ్లలోపు పిల్లలకు ప్రోమెథజీన్ ఇవ్వకూడదని, శ్వాస ఆగే ప్రమాదం ఉందని అమెరికా మందుల సంస్థ 2004లో గట్టి హెచ్చరిక పెట్టింది. ఇంకా వెనక్కి వెళితే, కూలికి పోయే తల్లులు చంటిపిల్లలకు రవ్వంత నల్లమందు నాకించడం దేశంలో చాలాచోట్ల ఉండేది. వీటి పక్కన పెట్టి చూస్తే మెలటోనిన్ ఎంతో మెరుగు. డాక్టర్లు దాన్ని ఇష్టపడటానికి అదీ ఒక కారణం.

గట్టి లెక్కలు 2012 తర్వాతే వచ్చాయి. ఆ ఏడాది బ్రిటన్‌లో పాల్ గ్రింగ్రస్ బృందం ఎదుగుదల సమస్యలున్న 146 మంది పిల్లల మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. ముందు కొన్ని వారాలు తల్లిదండ్రులకు నిద్ర అలవాట్ల పుస్తకం ఇచ్చి, ఆ తర్వాతే మందు మొదలుపెట్టారు. తల్లిదండ్రులు రాసిన డైరీల ప్రకారం నిద్ర పట్టడానికి పట్టే సమయం సుమారు ముప్పై ఏడు నిమిషాలు తగ్గింది. మొత్తం నిద్ర పెరిగింది మాత్రం ఇరవై నిమిషాల చిల్లరే. త్వరగా పడుకున్నవాళ్లు త్వరగా లేచారు. నెమ్మదిగా కరిగే చిన్న మాత్రతో 2017లో 125 మంది మీద మరో పరీక్ష జరిగింది. వాళ్లలో ఎక్కువమంది ఆటిజం పిల్లలే. పదమూడు వారాల్లో మొత్తం నిద్ర 57 నిమిషాలు పెరిగింది, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకు తొమ్మిది నిమిషాలు. దాని మీద 2018లో యూరప్ ఆటిజం పిల్లల నిద్రకు ఆ మాత్రను అనుమతించింది. 2020లో అమెరికన్ న్యూరాలజీ అకాడమీ ఇచ్చిన సలహా: ముందు అలవాట్లు మార్చి చూడండి, కుదరకపోతే నిద్రకు అరగంట నుంచి గంట ముందు ఒకటి నుంచి మూడు మిల్లీగ్రాములతో మొదలుపెట్టండి, పది దాటకండి.

ఈ "ముందు అలవాట్లు" అన్న మాట మన ఇళ్లలో చెప్పినంత తేలిక కాదు. రొయ్యల గుంటల కాపలా నుంచో, కొట్టు కట్టేసో తండ్రి పదింటికి వస్తాడు, అప్పుడు అన్నాలు. ఉన్నదొక్క గది, అందులోనే టీవీ, అందులోనే పడక. పిల్లవాడికి వేరే చీకటి గది అని రాసిన పాశ్చాత్య సలహా చదివి తల్లి టెన్షన్ పడటం తప్ప ఏం చేస్తుంది? అయినా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఎనిమిదింటికల్లా ట్యూబులైటు ఆర్పి చిన్న బల్బు వేయడం, ఫోను తీసేయడం, ఆదివారమైనా ఒకే వేళకు లేపడం. వెలుతురుకి మెలటోనిన్ ఆగిపోతుందని 1980లోనే తేలింది కదా. మాత్ర వేసి చేతికి ఫోనిస్తే ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో లాక్కున్నట్టే.

సూట్‌కేసు డబ్బాలో ఉన్నదెంతో కూడా చూడాలి. 2017లో కెనడాలో కొన్న 31 రకాలను పరీక్షిస్తే, లేబుల్ మీద రాసినదానికంటే 83 శాతం తక్కువ నుంచి 478 శాతం ఎక్కువ వరకు మెలటోనిన్ ఉంది. కొన్నింటిలో సెరటోనిన్ కూడా బయటపడింది. 2023లో అమెరికాలో 25 రకాల జెల్లీ బిళ్లలు చూస్తే 22 లేబుల్‌కు సరిపోలేదు, ఒకదానిలో మెలటోనినే లేదు. పిల్లలు మెలటోనిన్ మింగారంటూ అమెరికా విష నియంత్రణ కేంద్రాలకు వచ్చిన కేసులు 2012లో ఎనిమిది వేల పైచిలుకు, 2021లో యాభై రెండు వేలు దాటాయి. మిఠాయిలా ఉంటే పిల్లలు మిఠాయిలాగే తింటారు. డబ్బా ఇంట్లో ఉంటే బీరువాలో పెట్టి తాళం వేయాలి.

అలాగే, మొదట్లో బాగా పనిచేసి తర్వాత పనిచేయని పిల్లలు ఉంటారు. చాలామంది వెంటనే మోతాదు పెంచుతారు. కొందరి కాలేయం మెలటోనిన్‌ను చాలా నెమ్మదిగా కరిగిస్తుంది, అది పగలు కూడా రక్తంలో మిగిలిపోయి రాత్రి కబురు గజిబిజి అవుతుంది. నెదర్లాండ్స్‌లో బ్రామ్ బృందం ఇలాంటి వాళ్లకు మందు కొన్నాళ్లు ఆపి, బాగా తగ్గించి ఇస్తే మళ్లీ పనిచేయడం చూసింది. చీటీ లేకుండా డబ్బాతో నెట్టుకొచ్చే ఇంట్లో ఇది పట్టుకునేవాళ్లు ఉండరు.

యుక్తవయసు మీద ప్రభావం ఉంటుందా అనేది తల్లిదండ్రులు అడిగే పెద్ద ప్రశ్న. ఋతువును బట్టి ఈనే జంతువుల్లో ఈ హార్మోనుకు సంతానంతో సంబంధం ఉండటం వల్ల ఆ భయం పుట్టింది. యూరప్ అనుమతి పొందిన మాత్రను రెండేళ్లు వాడిన పిల్లల్లో ఎదుగుదలలో, యుక్తవయసు రావడంలో తేడా కనబడలేదని 2021లో బెత్ మాలో బృందం రాసింది. అది రెండేళ్లకు చెప్పిన మాట, పదేళ్లకు కాదు. అందుకే అప్పుడప్పుడు డాక్టరుతో మాట్లాడి కొన్ని రోజులు ఆపి చూడమంటారు. బడి లేని వేసవి సెలవులు దానికి అనువు. అవసరం లేదని తేలితే ఆపేయవచ్చు, నిద్ర మళ్లీ చెడితే అదే చిన్న మోతాదుతో తిరిగి మొదలుపెడతారు.