కళ, పాఠం, పరిశోధన: ఫైన్ ఆర్ట్స్ విభాగాల్లో వినిపించే అపోహలు

నేను ప్రింట్‌మేకింగ్ (ప్లేట్ మీద బొమ్మను తయారుచేసి, దాని నుంచి కాగితం మీద అచ్చులు తీసే కళ) చేస్తాను, యూనివర్సిటీలో అదే నేర్పుతాను, దాని మీదే పరిశోధన చేయిస్తాను. కొత్తగా చేరిన అధ్యాపకులూ, పీహెచ్‌డీకి వచ్చే విద్యార్థులూ దాదాపు ఒకే రకం అపోహలతో టెన్షన్ పడటం చూస్తుంటాను. వాటికి నా సమాధానాలు ఇవి.

అపోహ: పాఠాలు మొదలుపెడితే సొంత కళ అటకెక్కుతుంది.

వాస్తవం: సమయం తగ్గే మాట నిజం. కళ ఆగిపోవాలని మాత్రం లేదు. చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్ 1923 నుంచి జర్మనీలోని బౌహౌస్ కళాపాఠశాలలో, 1933 నుంచి అమెరికాలోని బ్లాక్ మౌంటెన్ కాలేజీలో, 1950 నుంచి యేల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. చతురస్రంలో చతురస్రం పెట్టి రంగుల్ని పరీక్షించే చిత్రాలను 1950లోనే మొదలుపెట్టి, 1976లో చనిపోయేవరకు వేస్తూనే ఉన్నారు. క్లాసులో మాత్రం విద్యార్థుల చేత పెయింట్‌కు బదులు రంగు కాగితాలతో అభ్యాసాలు చేయించేవారు. పెయింట్ కలిపితే అదే రంగు మళ్లీ రావడం కష్టం. కాగితమైతే ఒకే రంగును వేర్వేరు నేపథ్యాల మీద ఎన్నిసార్లైనా పెట్టి చూడొచ్చు. 1963లో రంగుల మీద ఆయన ప్రచురించిన పుస్తకం ఈ క్లాసుల నుంచే వచ్చింది. పాఠంలోనూ, చిత్రంలోనూ, పుస్తకంలోనూ ఆయన వెతికింది ఒక్కటే: పక్కనున్న రంగును బట్టి ఒక రంగు ఎలా మారి కనిపిస్తుంది?

మనల్ని అలసటకు గురిచేసేది మూడు పనులు ఉండటం కాదు, మూడింటికీ సంబంధం లేని మూడు ప్రశ్నలు ఉండటం అని నా నమ్మకం.

అపోహ: స్టూడియోలో చేసేదంతా పరిశోధనే.

వాస్తవం: కాదు. కాకపోయినంత మాత్రాన దాని విలువేమీ తగ్గదు. మంచి ప్రింట్ మంచి ప్రింటే, దానికి ఇంకో బిరుదు అక్కర్లేదు. 1993లో బ్రిటిష్ కళా అధ్యాపకుడు క్రిస్టఫర్ ఫ్రేలింగ్ కళారంగంలో పరిశోధనను మూడుగా విడదీశారు: కళ గురించి చేసేది, కళ ద్వారా చేసేది, కళ కోసం చేసేది. మనం బొమ్మ వేయడానికి ముందు ఫొటోలు, రిఫరెన్సులు పోగుచేసుకోవడం మూడోది. గొడవంతా దాన్ని రెండోదిగా చెప్పుకోవడం దగ్గరే వస్తుంది.

తేడా ఎక్కడుందో నా పని నుంచే చెబుతాను. జింక్ ప్లేట్ల ఎచింగ్‌కు, అంటే ప్లేట్ మీద గీతలు లోతుగా దిగేలా లోహాన్ని కొరికించడానికి, నైట్రిక్ యాసిడ్ వాడటం పాత అలవాటు. దాన్నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. కాపర్ సల్ఫేట్, ఉప్పు కలిపిన నీళ్లతోనూ జింక్‌ను కొరికించొచ్చు, అప్పుడు ఆ వాయువు రాదు. ద్రావణం మార్చి ప్రింట్లు తీస్తే అది స్టూడియో పని. గాఢతను బట్టి, ఉంచిన సమయాన్ని బట్టి గీత ఎంత లోతుకు దిగింది, ఆక్వాటింట్ (గీతలు కాకుండా లేత, ముదురు ఛాయలు తెచ్చే పద్ధతి) టోన్ ఎలా మారింది, దానివల్ల బొమ్మ స్వభావమే ఎలా మారింది అని టెస్ట్ ప్లేట్ల మీద వరసగా గమనించి, ఇంకొకరు తమ దగ్గర సరిచూసుకునేలా బయటపెడితే అది పరిశోధన. అవే టెస్ట్ ప్లేట్లు విద్యార్థుల ముందు పెడితే పాఠం. మూడూ ఒకే ట్రే దగ్గర మొదలయ్యాయి.

ఇదంతా కెమిస్ట్రీ ప్రయోగాల మాటే అనుకోకండి. చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ బరోడాలోనూ శాంతినికేతన్‌లోనూ పాఠాలు చెబుతూ, కుడ్యచిత్రాలు, టెర్రకోట రిలీఫ్‌లు (కాల్చిన మట్టి పలకల మీద ఉబ్బెత్తు బొమ్మలు), ఆటబొమ్మలు చేస్తూ, చేతివృత్తుల సంప్రదాయాల మీద వ్యాసాలు రాశారు. ఆయన వ్యాసాల్లోని ఆలోచనలకూ చేతిపనికీ మధ్య గోడ కనిపించదు.

అపోహ: పీహెచ్‌డీలో థీసిస్సే అసలు, కళాఖండాలు అనుబంధం.

వాస్తవం: స్టూడియో పని కేంద్రంగా సాగే పీహెచ్‌డీల్లో కళాఖండాల్నీ రాతనూ కలిపే పరీక్షిస్తారు. ఎంత రాయాలన్నది యూనివర్సిటీని బట్టి మారుతుంది కాబట్టి, చేరేముందే నిబంధనలు చదవండి. బొమ్మలన్నీ పూర్తయ్యాక తత్వవేత్తల కొటేషన్లు తెచ్చి అతికించిన థీసిస్‌లు చదివేటప్పుడు నాకు బాధేస్తుంది. అంత కష్టపడిన మనిషి తన చేతులు కనుక్కున్నదాన్ని ఒక్క వాక్యంలో కూడా చెప్పి ఉండరు. ఏది ప్రయత్నించారు, ఏది వదిలేశారు, ఎందుకు వదిలేశారు? బొమ్మ తనంతట తాను చూపించలేనిది ఇదే, రాయాల్సిందీ ఇదే. ఆల్బర్స్ తన చతురస్రాల వెనకవైపు ఏ కంపెనీ, ఏ రంగు వాడారో రాసిపెట్టేవారు. మీరు కూడా మొదటి రోజు నుంచే తేదీలు వేసి నోట్స్ రాయండి. చెడిపోయిన ప్రూఫులు (పరీక్షగా తీసిన అచ్చులు) పారేయకండి.

అపోహ: పీహెచ్‌డీ లేని కళాకారుడు యూనివర్సిటీకి పనికిరాడు.

వాస్తవం: అమెరికాలో స్టూడియో కళకు ఎంఎఫ్ఏనే (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) తుది డిగ్రీగా, అంటే ఆ రంగంలో పైస్థాయి డిగ్రీగా, గుర్తిస్తారు. ఉద్యోగ నిబంధనలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, అంతే.

అపోహ: విద్యార్థుల పనిని గైడ్ తన పరిశోధనలో వాడుకోవచ్చు.

వాస్తవం: అడగకుండా వాడుకోకూడదు. అడిగితే సరిపోతుందా అంటే, అదీ చాలదు. మార్కులు వేసే మనిషి అడిగితే కాదనే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? అందుకే మార్కులు ఇచ్చేశాక, వాళ్లకు మార్కులు వేయని మరొకరి ద్వారా, రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. వద్దంటే కారణం అడగకూడదు. ఒప్పుకున్నవాళ్లు తమ పేరు వేయమంటారో వద్దంటారో కనుక్కుని, వేయమన్నవాళ్ల పేరు వాళ్ల పని పక్కనే వేయాలి, ఎక్కడో కృతజ్ఞతల పేజీలో కాదు.