పాత 207కి సెకండ్ హ్యాండ్ ఏసీ: పిల్లలకు తాతయ్య ఉత్తరం

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. ఎండలు మాత్రం ముదిరాయి.

నాన్న నడిపే చిన్న ట్రక్కు టాటా 207లో ఏసీ పెట్టించాలని ముగ్గురూ కూడబలుక్కుని రాశారు. ఆటోనగర్‌లో పాత కార్లు విప్పే షాపులో ఇండికా ఏసీ సెట్టు మొత్తం అమ్ముతున్నారని, తెచ్చి బిగిస్తే చాలు కదా తాతయ్యా అని అడిగారు. పెట్టొచ్చర్రా. మామిడి సీజనంతా మీ నాన్న నూజివీడు తోటల్లోంచి నున్న మార్కెట్‌కి కాయలు తోలుతుంటాడు. కాళ్ల దగ్గర ఇంజను వేడి, నెత్తి మీద రేకు వేడి. పెట్టాల్సిందే అంటాను. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు క్యాబిన్ ఏసీ తప్పనిసరి చేశారు గానీ, అది మూడున్నర టన్నులు దాటిన బండ్లకే. చిన్న బండి డ్రైవరుకి చెమట పట్టదనుకున్నారో ఏమో.

కానీ "సెట్టు మొత్తం" అన్నారు చూశారా, అక్కడ నాకు పేచీ ఉంది. పాత సెట్టులో సగం కొనదగ్గది, సగం ఊరికే ఇచ్చినా తీసుకోకూడనిది. ఏది ఏదో తెలియాలంటే, ముందు లోపల జరిగే పని తెలియాలి.

ఇంజెక్షన్ ఇచ్చేముందు నర్సు స్పిరిట్ రాస్తే చెయ్యి చల్లబడుతుంది కదా. స్పిరిట్ ఆవిరైపోతూ ఒంట్లో వేడిని పట్టుకుపోతుంది. ఏసీలోనూ జరిగేది అదే. కాకపోతే ఆవిరైన దాన్ని గాల్లోకి వదిలేయకుండా పట్టుకుని, మళ్లీ ద్రవం చేసి, మళ్లీ వాడతాం. కార్ల ఏసీల్లో ఉండే ఆర్-134ఎ గ్యాసు బయట మామూలు ఒత్తిడిలో సున్నాకి 26 డిగ్రీల దిగువనే మరిగిపోతుంది. క్యాబిన్‌లో ఉండే కూలింగ్ కాయిల్‌లో దాన్ని 30 పీఎస్ఐ ఒత్తిడి (గేజి మీద కనపడే లెక్క) దగ్గర ఉంచితే సున్నాకి కాస్త పైన, ఒకటి రెండు డిగ్రీల దగ్గర మరుగుతుంది. క్యాబిన్‌లో వేడి గాలి ఆ కాయిల్ మీదుగా పోయేసరికి చల్లబడుతుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ లాక్కుని 200 పీఎస్ఐ పైకి నొక్కుతుంది. ఆ ఒత్తిడి దగ్గర అది 55 డిగ్రీలకే ద్రవం అవుతుంది. బయట 40 డిగ్రీల ఎండ ఉన్నా, 55 కంటే చల్లనే కాబట్టి, రేడియేటర్ ముందున్న కండెన్సర్ తన వేడిని ఆ ఎండలోకే వదలగలుగుతుంది. బెజవాడ మే నెల గాలి కూడా దేనికో ఒకదానికి చల్లగాలే అన్నమాట. తర్వాత ద్రవం డ్రయర్ గుండా పోయి, ఎక్స్‌పాన్షన్ వాల్వులో సన్నటి కంత దాటి, ఒత్తిడి పడిపోయి, మళ్లీ కాయిల్‌లోకి వస్తుంది.

ఈ చుట్టులో ఉండాల్సినవి రెండే: గ్యాసు, కంప్రెసర్ ఆయిలు. ఉండకూడనివి కూడా రెండే: తడి, చెత్త. నీటి చుక్క ఒక్కటి ఆ సన్నటి కంత దగ్గర గడ్డకట్టిందంటే దారి మూసుకుపోతుంది. బండి ఎక్కిన ఇరవై నిమిషాలు బ్రహ్మాండంగా చల్లగా ఉండి, తర్వాత వేడి గాలి వచ్చి, కాసేపు ఆపి వేస్తే మళ్లీ చల్లబడుతోందంటే ఆ గడ్డ పనే. అదే తడి గ్యాసుతోనూ ఆయిలుతోనూ కలిసి యాసిడ్‌లా మారి, అల్యూమినియాన్ని లోపల్నించి తినేస్తుంది. పాత సామాను బేరంలో గుర్తుంచుకోవాల్సింది ఇదొక్కటే. ఆ భాగం మూతి ఎన్నాళ్లు తెరుచుకుని ఉంది? గాలిలో తేమ ఎంత తాగింది?

ఇప్పుడు షాపుకి వెళ్దాం. కంప్రెసర్ చేతిలోకి తీసుకోండి. పైపులు బిగించే రెండు కంతలకీ మూతలున్నాయా? గుడ్డ ముక్క కూడా లేకుండా వర్షంలో పడి ఉన్నదైతే అక్కడే పెట్టేసి రండి. మూతలుంటే తీసి, ముందున్న క్లచ్ ప్లేటుని (కంప్రెసర్‌ని బెల్టుకి కలిపేది, విడదీసేది) చేత్తో తిప్పండి. బెల్టు తిప్పే చక్రం, అదే పుల్లీని కాదు. పుల్లీ బేరింగు మీద ఊరికే తిరుగుతుంది, దాంతో ఏమీ తెలియదు. ప్లేటు తిప్పుతుంటే గరగర లేకుండా, బరువుగా, ఒక్క తీరున తిరగాలి. కంతల మీద బొటనవేళ్లు అదిమి తిప్పితే ఒకటి లాగాలి, ఇంకోటి నెట్టాలి. తర్వాత బోర్లించి నాలుగు చుక్కల ఆయిలు తెల్ల కాగితం మీద పోయండి. నీళ్లలాగానో, లేత పసుపుగానో ఉంటే మంచిదే. నల్లగా ఉన్నా, ఎండలో పెడితే వెండి పొడిలా మెరిసినా లోపల అరిగిపోయిందని లెక్క. ఆ కంప్రెసర్ వద్దు. పాత కండెన్సర్ ఎప్పుడూ వద్దనేదీ ఇందుకే. ఇప్పటి కండెన్సర్ గొట్టాల్లో చాలా సన్నటి దారులుంటాయి. లోహప్పొడి వాటిలో చేరితే ఎవడు కడిగినా పూర్తిగా పోదు. కడిగి ఇస్తామనే వాళ్ల మాట వినకండి.

చాలా పాత అంబాసిడర్, కాంటెస్సా సెట్టు చవగ్గా వస్తుందని ఎవరైనా అంటే దాని లేబుల్ చదవండి. ఆర్-12 అని ఉంటే వదిలేయండి. ఆ గ్యాసు ఓజోన్ పొరని తినేస్తుందని 1974లో మోలినా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు చెప్పారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1995లో వాళ్లకి నోబెల్ వచ్చింది, గ్యాసు క్రమంగా బజార్లో లేకుండా పోయింది. ఆ సెట్టులో మినరల్ ఆయిల్ ఉంటుంది, 134ఎతో అది కలవదు. ఆయిలు గ్యాసుతోపాటు తిరిగి రాకపోతే కంప్రెసర్ ఎండి పట్టేస్తుంది. 134ఎ కంప్రెసర్‌కి ఆ గ్యాసుతో కలిసే పీఏజీ అనే సింథటిక్ ఆయిలు కావాలి. ఉన్న ఆయిలు మొత్తం వంపేసి, లేబుల్ మీద రాసినంతే కొత్తది పొయ్యండి. డబ్బా మూత తీసి ఉంచొద్దు. అది మన ఉక్కపోతలో తేమని గటగటా తాగేస్తుంది.

పాతవి తీసుకోదగ్గవి చెప్తాను. కంప్రెసర్, దాని క్లచ్, కండెన్సర్ ముందు తిరిగే ఫ్యాను, బ్లోయర్, రిలేలు (ఎక్కువ కరెంటుని వేసి ఆపే చిన్న స్విచ్చి డబ్బాలు), నట్లు, బోల్టులు. కూలింగ్ కాయిల్ కూడా పరీక్షించి తీసుకోవచ్చు. కానీ ఇండికా డ్యాష్‌బోర్డు లోపలి పెట్టె మన 207 డ్యాష్ వెనక పట్టదు. అంబాసిడర్లలో డ్యాష్ కింద వేలాడేట్టు బిగించేవాళ్లు, అలాంటి యూనిట్ వెతకండి. పరీక్ష ఎలాగంటే నైట్రోజన్ నింపి తొట్టిలో నీళ్లలో ముంచడం. మూతులు రెండూ గట్టిగా బిగించాక 150 పీఎస్ఐ చాలు. బుడగ ఒక్కటి లేచినా వద్దు. వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ సిలిండర్ ఉంది కదా అని దాంతో పెట్టారంటే, లోపలి ఆయిలు అంటుకుని కాయిల్ బాంబులా పేలుతుంది. ఇది బెదిరించడానికి రాయడం లేదర్రా.

కండెన్సర్, డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వు, హోస్ పైపులు, ఓ-రింగులు కొత్తవే. బేరమే లేదు. డ్రయర్ పనే తేమ తాగడం. ఒకసారి మూత తీసి వదిలేసిన డ్రయర్ కడుపు నిండా తాగేసి కూర్చుంటుంది. పైపులు మన బండి కొలతకి కోయించి, క్రింప్ చేయించుకోవాలి, పాత కారువి ఎలాగూ అందవు. ఓ-రింగులు 134ఎకి పనికొచ్చేవి, సాధారణంగా ఆకుపచ్చవి వస్తాయి. బిగించేముందు కంప్రెసర్ ఆయిలే ఒక చుక్క రాయండి. కొన్న ప్రతిదానికీ బిల్లు అడగండి, ఏ బండిలోంచి తీశారో అందులో రాయించుకోండి. దొంగ బండి సామాను మన బండిలో దొరికితే ఏసీ సంగతి తర్వాత చూసుకోవాల్సి వస్తుంది.

ఇక అసలు కష్టం. ఇండికా ఇంజను వేరు, 207 ఇంజను వేరు. కంప్రెసర్‌ని ఇంజను పక్కన నిలబెట్టే బ్రాకెట్ మనమే చేయించుకోవాలి. పది, పన్నెండు మిల్లీమీటర్ల ప్లేటుతో చేయించండి. సన్న ప్లేటు డీజిల్ ఇంజను కుదుపులకి నెలల్లో పగులుతుంది. ఇంజనుకి ముందే ఉన్న బోల్టు కంతల్నే వాడాలి తప్ప కొత్తగా డ్రిల్లు పెట్టొద్దు. పైపుల మూతులు పైకో, పక్కకో ఉండాలి గానీ కిందకి చూడకూడదు, ఆయిలు ఉండాల్సిన చోట ఉండదు.

తర్వాత పుల్లీ. కార్ల కంప్రెసర్లకి సన్న గాళ్ల చదును బెల్టు పుల్లీ ఉండొచ్చు, పాత 207కి వి-బెల్టు. లేతు మీద ఇంజను ముందుండే క్రాంక్ పుల్లీకి ఇంకో గాడి కలిపి చేయించాలి, లేదంటే కంప్రెసర్ క్లచ్‌కే వి-గాడి పుల్లీ మార్చాలి. రెండు గాళ్లూ ఒకే వరసలో ఉన్నాయో లేదో కంటితో చూసి చెప్పేవాణ్ణి నమ్మకండి. నిటారైన స్టీలు స్కేలు క్రాంక్ పుల్లీ ముఖానికి ఆనించి కంప్రెసర్ పుల్లీ దాకా పట్టండి. మధ్యలో వెలుతురు కనిపించకూడదు. ఒక పక్క కనిపిస్తే బ్రాకెట్ వెనక వాషర్లు వేసి సరిచేయాలి. ఇందులో పూట గడిచినా గడవనివ్వండి. వరస తప్పిన బెల్టు మొదట కూస్తుంది, తర్వాత అంచులు పీచుపీచుగా లేస్తాయి, ఆ తర్వాత సరిగ్గా లోడుతో ఉన్నప్పుడే తెగుతుంది. బెల్టు బిగించుకోవడానికి బ్రాకెట్‌లో పొడుగు కంత ఉంచడం మరవద్దు.

క్లచ్ గొప్పతనం తెలియాలంటే అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ సంగతి వినాలి. కంపెనీలోనే ఏసీ బిగించిన కారుని మొదట అమ్మింది వాళ్లే, 1940 మోడల్‌లో. కాయిల్ డిక్కీలో ఉండేది, కంప్రెసర్‌కి క్లచ్ లేదు. చలికాలంలో ఏసీ వద్దనుకుంటే ఇంజను ఆపి, దిగి, బెల్టు ఊడదీయాల్సిందే. మనకిప్పుడు 12 వోల్టుల కాయిల్ మూడు నాలుగు ఆంపియర్లు తిని, స్విచ్చి వేయగానే పట్టుకుంటోంది.

కరెంటు దగ్గర లెక్క వేసుకోండి. బ్లోయర్, ముందు ఫ్యాను కలిపి ఇరవై ఆంపియర్ల దాకా లాగుతాయి. రాత్రి హెడ్‌లైట్లు, వానలో వైపర్లు దానికి అదనం. పాత డైనమో ఐడిలింగ్‌లో (బండి నిలబడి ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు) తన లేబుల్ మీద రాసినంత ఇవ్వదు, కాబట్టి పెద్ద డైనమో వేయించడమే మేలు. అన్నిటికీ రిలేలు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు. ప్రెజర్ స్విచ్చిని క్లచ్ వైరుకి వరసలో పెట్టించండి. గ్యాసు కారిపోయి ఒత్తిడి పడిపోతే, లేదా ముందు ఫ్యాను ఆగి ఒత్తిడి మరీ పెరిగిపోతే, అది క్లచ్ వదిలేయిస్తుంది. కొందరు ఎలక్ట్రీషియన్లు ఆ స్విచ్చి లేకుండా వైరు "డైరెక్ట్ చేసేస్తా" అంటారు. ఒప్పుకోకండి.

అన్నీ బిగించాక వాక్యూమ్ పంపు పెట్టించాలి. గాలి తీయడానికే అనుకుంటారు చాలామంది, అసలు పని తడి తీయడం. ఒత్తిడి 30 మిల్లీమీటర్ల పాదరసం దాకా దిగితే నీళ్లు 30 డిగ్రీలకే మరిగి ఆవిరై పంపులోకి పోతాయి. అందుకే వాన పడే రోజున ఈ పని వద్దు. మంచి ఎండలో బండి వేడెక్కి ఉన్నప్పుడు కొట్టిస్తే తేమ త్వరగా వదులుతుంది. ముప్పావు గంట తగ్గకుండా పంపు నడపమనండి. తర్వాత వాల్వులు మూసి అరగంట టీ తాగి రండి. గేజి ముల్లు కదలకూడదు. కదిలితే లీకుంది, వెతకాల్సిందే. "గ్యాసు ఎక్కిస్తే సర్దుకుంటుంది" అనే మాట ఏ మెకానిక్ నోటి నుంచి వచ్చినా బండి తోలుకుని వచ్చేయండి.

గ్యాసుని తూకం మీద ఎక్కించాలి. మన సెట్టు కలగూరగంప కాబట్టి లేబుల్ బరువు కుదరదు. 400 గ్రాములతో మొదలుపెట్టి, గేజి చూస్తూ కొద్దికొద్దిగా కలపాలి. ఇంజను 1500-2000 ఆర్పీఎం మీద, బయట 40 డిగ్రీలున్నప్పుడు తక్కువ ఒత్తిడి వైపు 30-45 పీఎస్ఐ, ఎక్కువ ఒత్తిడి వైపు 220-270 పీఎస్ఐ మధ్య నిలబడితే ఆపేయండి. ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లన అవదు, కాయిల్‌లో మరగడానికి చోటే మిగలదు. చవగ్గా దొరికే గుర్తు తెలియని డబ్బాలు వద్దు. ఎల్పీజీ నింపుతామన్నా వద్దు, మూసిన క్యాబిన్‌లో లీకైతే ఒక్క నిప్పు రవ్వ చాలు. ద్రవ గ్యాసు కంట్లో పడితే కన్ను గడ్డకట్టుకుపోతుంది కాబట్టి పక్కన నిలబడి చూసేవాళ్లు కూడా కళ్లద్దాలు పెట్టుకోండి.

ఇంత ఖర్చు పెట్టాక గేర్ లివర్ బూటు చిరిగి, పెడల్స్ దగ్గర కంతలు తెరిచి ఉంటే ఇంజను వేడి గాలి అంతా లోపలికే. ఆ కంతలు రబ్బరు గ్రోమెట్లతో మూయించండి, తలుపు రబ్బర్లు మార్చండి, పైకప్పు లోపల వేడి ఆపే షీటు అతికించండి. కాయిల్ కింద నీళ్లు బయటికి పోయే గొట్టం వాలుగా ఉండాలి, లేకపోతే మన తీరం గాలికి క్యాబిన్‌లోనే చెరువు కడుతుంది. రేడియేటర్‌ని ముందే కడిగించండి, కండెన్సర్ ముందొచ్చాక దానికి మునుపటంత గాలి అందదు. ఐడిలింగ్‌లో కంప్రెసర్ పట్టుకోగానే ఇంజను కుంటితే, డీజిల్ పంపు లివర్‌ని కాస్త లాగే ఐడిల్-అప్ డబ్బా ఒకటి దొరుకుతుంది, వేయించండి.

మొదటి వారం తిరిగాక బెల్టు కొంచెం సాగుతుంది, మళ్లీ బిగించాలి. బ్రాకెట్ బోల్టులు కూడా అప్పుడే చూడమని నాన్నకి చెప్పండి. కంప్రెసర్ దొరికితే కొనేముందు లేబుల్ ఫోటో, తెల్ల కాగితం మీద ఆయిలు చుక్కల ఫోటో నాకు పంపండి. అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య