కాటిసీను పద్యాలు: అపోహలు - వాస్తవాలు

ఇరవై ఏళ్లుగా పద్యనాటకంలో హరిశ్చంద్రుడి వేషం కడుతున్నాను. కాటిసీనంటే అందులో ఆయన కాటికాపరిగా శ్మశానంలో ఉండే ఘట్టం. నాటకం అయ్యాక జనం అడిగేవీ, కొత్త కుర్రాళ్లు గట్టిగా నమ్మేవీ కొన్ని ఉన్నాయి.

అపోహ: కాటిసీనులో పాడేవన్నీ నాటకం రాసిన బలిజేపల్లి వారి పద్యాలే.

'మాయామేయ జగంబె' ఆయనదే. 'ఇచ్చోటనే సత్కవీంద్రుని కమ్మని కలము' మాత్రం గుర్రం జాషువా గారిది, 'శ్మశానవాటి' ఖండికలోది. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్యహరిశ్చంద్రీయం 1912 నాటిది. 1895లో వినుకొండలో పుట్టిన జాషువా అప్పటికింకా కుర్రవాడు. తర్వాత నటులు ఆ పద్యాలు తెచ్చి నాటకంలో కలుపుకున్నారు. అవి అందులో ఎంతగా ఇమిడిపోయాయంటే, రాసిందెవరో చాలామందికి తెలియదు. అందుకే సీనుకు ముందు మైకులో జాషువా పేరు చెప్పిస్తాను.

అపోహ: ఎంత ఏడిస్తే సీను అంత పండుతుంది.

నేనూ మొదట్లో గొంతు జీరబోయేలా పాడేవాణ్ణి. ఓ రాత్రి మా హార్మోనిస్టు, "అంతా నువ్వే ఏడ్చేస్తే వాళ్లకేం మిగుల్తుందిరా?" అన్నాడు. నిజమే, 'ఇచ్చోటనే' అనే ఆ సీసపద్యంలో ఏడుపు లేదు. కవి కలం, రాజు ముద్రిక, లేత ఇల్లాలి నల్లపూసలు, చిత్రకారుడి కుంచె... ఏది ఎక్కడ కలిసిపోయిందో జాషువా చూపిస్తూ పోతాడంతే. మనమూ వేలుపెట్టి చూపిస్తున్నట్టే పాడాలి.

అపోహ: రాగం ఎంత సాగితే పద్యం అంత గొప్పగా పాడినట్టు.

'వన్స్‌మోర్'లు వచ్చేది రాగానికే, కాదనను. కానీ 'ముదురు తమస్సులో' అనే జాషువా గారి చంపకమాల చూడండి. కొత్త సమాధి మీద మిణుగురులా ఓ దివ్వె. ఆముదం అయిపోయినా ఆరదు. 'దీపమందుమా?' అని కవే అడిగి, 'హృదయము సుమ్ము' అంటాడు. కూతుర్ని పోగొట్టుకున్న ఏ తల్లో అక్కడ పెట్టి వెళ్లిన గుండె అది. ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఒక్క ఊపిరి విరుపు చాలు. అక్కడ రెండు నిమిషాలు ఆలాపన చేస్తే, ప్రేక్షకుడు ప్రశ్నే మరిచిపోతాడు. నేనిది చాలా ఏళ్లు తప్పుగానే పాడాను, చప్పట్లు కూడా బాగానే పడ్డాయి!

అపోహ: ఇవి ఇంట్లో పాడితే అరిష్టం.

మా వంటింటి పక్క గదిలోనే సాధన చేస్తాను. మా ఆవిడ తిట్టేది తెల్లవారుజామున నాలుగింటికి లేపుతున్నందుకు.

అపోహ: ఇవన్నీ వట్టి వైరాగ్యం పద్యాలు.

జాషువా గారి 'శ్మశానవాటి'లోనే 'ఇట నస్పృశ్యత సంచరించుటకు దావే లేదు' అనే పద్యముంది. పెబ్బులినీ మేకనూ ఒక పక్కన చేర్చి జోకొట్టే చోటు శ్మశానం అంటాడు. బతికినన్నాళ్లూ అంటరానితనం అనుభవించిన మనిషి రాసిన మాట అది. టైము చాలకపోతే కొందరు ముందు కోసేసేది ఈ పద్యాన్నే. నేను ఆలాపన తగ్గించుకుంటాను గానీ, దీన్ని వదలను.