జెంటూ: మన భాషకు తగిలించిన పేరు

ఆగస్టు 29 దగ్గర పడితే శ్రీకాకుళంలో గిడుగు రామమూర్తి గారి మాట రాకుండా ఉండదు. సభలో మాట్లాడడానికి తయారవుతున్న ఒక డిగ్రీ అమ్మాయి పాత పుస్తకం ముఖపత్రం ఫోన్లో చూపించి, "మాస్టారూ, తెలుగుకి జెంటూ అని ఇంకో పేరుందా? వెతికితే పెంగ్విన్ వస్తోంది" అంది. అది 1816లో మద్రాసులో అచ్చయిన క్యాంబెల్ దొర తెలుగు వ్యాకరణం. తెలుగు పేరు కిందే "సాధారణంగా జెంటూ అని పిలిచేది" అని ఉంది.

పోర్చుగీసువాళ్లు క్రైస్తవులు కానివాళ్లను 'జెంటియు' అనేవారు. దాని వెనక లాటిన్ మాట 'జెంటిలిస్' ఉంది. మన తీరానికి వచ్చాక ముస్లింలను మూర్లన్నారు, హిందువులను జెంటియులన్నారు. ఆ మాటే ఇంగ్లీషువాళ్ల నోట జెంటూ అయింది. అంటే తమ మతం కాని వాడు అని. అంతకు మించి అందులో ఏమీ లేదు.

తర్వాత ఈ మాట రెండు దారులు పట్టింది. కలకత్తాలో జెంటూ అంటే హిందువు. గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ పండితులచేత రాయించిన ధర్మశాస్త్ర సంగ్రహాన్ని ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి హాల్‌హెడ్ పారశీకం నుంచి ఇంగ్లీషు చేసి, 1776లో 'జెంటూ చట్టాలు' అనే పేరుతో తెచ్చాడు. 1789 నాటి 'హార్ట్‌లీ హౌస్, కలకత్తా' నవలలో నాయిక బ్రాహ్మణుడి బోధకు ఆకర్షితురాలై జెంటూ మతాన్ని మెచ్చుకుంటుంది. మద్రాసులో మాత్రం జెంటూ అంటే తెలుగు, మలబారు అంటే తమిళం! అందుకే పాత రికార్డులు చదివేటప్పుడు ఆ కాగితం ఏ ఊళ్లో రాశారో ముందు చూసుకోవాలి.

నన్ను బాధపెట్టేది వాళ్ల తెలియనితనం కాదు. 1670లలో ఈ తీరానికి వచ్చిన ఫ్రయర్ అనే వైద్యుడు, వీళ్ల భాషను అందరూ జెంటూ అంటారు గానీ అసలు పేరు తెలింగ అని రాసిపెట్టాడు. పేరు తెలిసీ ఇంకో వందేళ్లకు పైగా మతం ముద్రనే భాష మీద ఉంచారు. 1765లో సర్కారు జిల్లాలు కంపెనీకి దక్కాక మన ఊరు కూడా వాళ్ల కాగితాల్లో చికాకోల్‌గానే నడిచింది.

క్యాంబెల్ పుస్తకంలోనే మద్రాసు కలెక్టరు ఎల్లిస్ రాసిన ఉపోద్ఘాతం ఉంది. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలకు చుట్టమని అందులో చూపించాడు. భాషను శ్రద్ధగా చదివినవాళ్లు దాని పేరు కూడా సరిగా పలకడం మొదలుపెట్టారు. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు పేరులో జెంటూ లేదు. ఇప్పుడా మాట దక్షిణ ధ్రువం వైపు ఉండే ఒక పెంగ్విన్‌కి మిగిలింది. దానికి ఆ పేరెలా వచ్చిందన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు.

ఆ అమ్మాయికి ఇంకో ముఖపత్రం కూడా చూపించాను. గిడుగు వారు సవర గిరిజనుల మధ్య తిరిగి, వాళ్ల భాష నేర్చుకుని రాసిన పుస్తకం, 1931లో అచ్చయింది. మనమంతా సవర అంటాం. ఆయన మాత్రం పేరులో ముందు 'సొర' అని, వాళ్లు తమను తాము పిలుచుకునే మాటే పెట్టి, సవర అన్నది బ్రాకెట్లో వేశారు.